చెట్టెక్కినవాడి తీర్పు

ఫిబ్రవరి రెండో వారం వచ్చిందంటే విజయవాడలోని గుణదలకు రాత్రీ పగలూ తేడా ఉండదు. 9, 10, 11 తేదీల్లో మేరీమాత తిరునాళ్లు. తలనీలాలు ఇచ్చేవాళ్లు, కొబ్బరికాయలు కొట్టేవాళ్లు, పిల్లల్ని భుజాన వేసుకుని కొండ మెట్లు ఎక్కేవాళ్లు. ఏలూరు రోడ్డంతా జనమే. 1924లో ఫాదర్ ఆర్లాటి ఈ కొండ మీద మాత స్వరూపాన్ని నిలిపిన నాటి నుంచి ఏటికేడు పెరుగుతూ వచ్చిన పండగ ఇది.

సరిగ్గా ఆ రోజుల్లోనే డెల్టా పల్లెల్లో ఇంకో పని ఊపందుకుంటుంది. మగ తాటిచెట్లు, అంటే పోతుతాళ్లు, గెలలు వేసి కల్లు గీతకు వస్తాయి. ఏలూరు కాలువ గట్టు పట్టుకుని గన్నవరం దాటి లోపలికి పోతే, మంచు విడవకముందే తాడి మొదట్లో నిలబడి మోకు సరిచూసుకునే మనిషి కనిపిస్తాడు. నడుముకీ చెట్టుకీ కలిపి చుట్టిన మోకు, కాళ్లకు బంధం, వెనక ఒరలో గీత కత్తి, పక్కన వేలాడే ఖాళీ లొట్టి. మోకునూ బంధాన్నీ నమ్ముకుని యాభై అరవై అడుగులు ఎక్కుతాడు. పైన మట్టల మధ్య సర్దుకుని కూర్చుని, రాత్రంతా నిండిన లొట్టిని విప్పుతాడు. గెల కొసను పల్చగా, కాగితమంత మందాన చెక్కి, కొత్త లొట్టి తగిలిస్తాడు. విద్యంతా ఆ చెక్కడంలోనే ఉంది. గాటు లోతయితే గెల ముందే అయిపోతుంది. పైపైన గీస్తే పాత గాటు ఆరిపోయి ధార ఆగిపోతుంది.

దిగాక కల్లులో పడ్డ ఈగల్నీ తేనెటీగల్నీ వడగడతాడు. ఒక గుక్క నోట్లో పోసుకుని కాసేపు ఆగుతాడు. ఆ చెట్టు ఎలా ఉందో, లొట్టి ఎలా ఉందో, నిన్నటి గాటు ఎలా పడిందో ఆ గుక్కలోనే తెలిసిపోతుంది. కల్లుకు మొదటి న్యాయనిర్ణేత అతనే.

కానీ గత నూట యాభై ఏళ్లుగా కల్లు మీద చెల్లిన తీర్పులు అతనివి కావు. చెట్టెక్కనివాళ్లవి.

తయారుచేసేవాడే తీర్పరి కావాలా?

ఇంట్లో బీరు కాచుకునే అలవాటున్న దేశాల్లో ఇది పెద్ద చర్చ. అమెరికాలో ఇంటి బీరును చట్టబద్ధం చేసే బిల్లు మీద అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1978 అక్టోబరులో సంతకం చేశాడు. అదే ఏడాది కొలరాడోలోని బౌల్డర్‌లో చార్లీ పపాజియన్ తదితరులు ఇంటి బీరు తయారీదారుల సంఘం పెట్టారు. సంఘంతో పాటు పోటీలు వచ్చాయి. పోటీలు పెరిగేకొద్దీ మార్కులు వేసేవాళ్లు కావలసి వచ్చారు. వాళ్లకు పరీక్ష పెట్టి పట్టా ఇవ్వడానికి 1985లో ‘బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్’ పుట్టింది. ఆ పద్ధతిలో ఒక్కో బీరుకు 50 మార్కులు. వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోటికి తగిలే తీరుకు 5, మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 10.

న్యాయనిర్ణేత తాను కూడా బీరు కాచేవాడై ఉండాలన్న షరతు అందులో లేదు. నాలుక పదునుగా ఉండి, బీరు రకాల లక్షణాలు తెలిస్తే చాలు. అయితే పై మెట్టుకు పోయేవాళ్ల రాతపరీక్షలో మాత్రం ఫలానా రకం బీరును ఏ దినుసులతో, ఏ కొలతలతో, ఎలా చేస్తారో రాయమని అడుగుతారు. ఫలానా చెడు వాసన తయారీలో ఎక్కడ జరిగిన పొరపాటు వల్ల వస్తుందో చెప్పమంటారు. అంటే పొయ్యి దగ్గర నిలబడాలన్న నియమం లేకపోయినా, పొయ్యి దగ్గర ఏం జరుగుతుందో తెలియకుండా పై మెట్టు ఎక్కనివ్వరు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. తాను పోటీకి పెట్టిన విభాగంలో తానే మార్కులు వేయకూడదు.

ఈ రెండు జాగ్రత్తల్లో చాలా వివేకం ఉంది. చేసినవాడి జ్ఞానం తీర్పు చెప్పే బల్ల దగ్గరికి రావాలి, చేసినవాడి స్వార్థం గుమ్మం బయటే ఆగాలి. తెలుగునేల మీద ఇదే ప్రశ్న బహుమతుల రూపంలో కాక పన్నుల రూపంలో, జైళ్ల రూపంలో వచ్చింది. ఒకసారి తిరుగుబాటుగా మారింది. ఇంకోసారి ఒక ప్రభుత్వాన్నే పడగొట్టింది.

చెట్టు పేరు చెప్పే నాలుక

చట్టాలు రాకముందు కల్లును ఎవరు తూచేవారో తెలియాలంటే, కల్లు ఎలా తయారవుతుందో ముందు తెలియాలి.

బీరుకు ధాన్యం మొలకెత్తించాలి, ఉడికించాలి, చల్లార్చాలి, ఈస్టు వేయాలి. కల్లుకు ఇవేవీ అక్కర్లేదు. గెల నుంచి కారే రసంలో నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెరే. అది లొట్టిలోకి దిగుతుండగానే గాలిలోనూ కుండ గోడల్లోనూ ఉన్న ఈస్టు, రకరకాల సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. నిన్నటి కల్లు తాలూకు మడ్డి లొట్టి అడుగున మిగిలి ఉంటే అదే తోడు. పెరుగుకు మజ్జిగ చుక్క ఎలాగో కల్లుకు ఆ మడ్డి అలాగ. తెల్లవారుజామున తియ్యగా, కాస్త చురుక్కుమనేలా ఉన్నది మధ్యాహ్నానికి నురగ కట్టి ఘాటెక్కుతుంది. సాయంత్రానికి పులుపు పైకి తేలుతుంది. మర్నాటికి అది పుల్లనీళ్లు. ఈ గడియారం చెట్టు నుంచి దింపిన క్షణం కంటే ముందే, చెట్టు మీదే తిరగడం మొదలవుతుంది.

అందుకే కల్లులో మంచీ చెడ్డా అనేది ఒక్క రుచి మాట కాదు. ఏ చెట్టు, పోతుతాడా, ఆడదైన పెంటితాడా, గెల ఎన్నాళ్ల నుంచి గీతలో ఉంది, లొట్టి ఎప్పుడు కట్టారు, ఎప్పుడు దించారు, రాత్రి చలి ఎంత, లొట్టిని కడిగి ఎండబెట్టారా లేదా? ఇవన్నీ కలిస్తేనే ఆ గుక్క. పాతకాలపు తాగుబోతు కూడా ఇందులో సగం చెప్పగలిగేవాడు. “ఏ చెట్టుదయ్యా ఇది?” అని అడగడం మర్యాదలో భాగం. “చెరువు గట్టు మీద పోతుతాడిది బాబాయ్” అంటే అది సరుకు చిరునామా. కలగలుపు కల్లు వేరు, చెట్టు కల్లు వేరు అన్న పట్టింపు పల్లెల్లో ఇవాళ్టికీ ఉంది. తెలిసినవాళ్లు ఫలానా చెట్టు కల్లు తమకే పోయమని ముందే చెప్పి పెట్టుకుంటారు.

పల్లెలో కల్లు మీద తీర్పు చెప్పే బల్ల దగ్గర మూడు నాలుకలు ఉండేవి. గీసినవాడిది ఒకటి. ఇంటి దగ్గర కూర్చుని అమ్మే అతని భార్యది రెండోది. ఆమెకు ఏ లొట్టి ఎంతసేపు నిలుస్తుందో, ఏది ముందు అమ్మెయ్యాలో, ఏది తాటిబెల్లం కాచడానికి పొయ్యి ఎక్కాలో తెలుసు. తాగేవాడిది మూడోది. చెట్టెక్కడం చేతకాకపోయినా రోజూ తాగుతాడు కనక మోసపోడు. ముగ్గురూ ఒకళ్లనొకళ్లు ఎరిగినవాళ్లు. తీర్పు తప్పితే మర్నాడు బేరం తప్పుతుంది.

చిగురు పన్ను

ఈ బల్ల దగ్గరికి నాలుగోవాడు వచ్చాడు. వాడికి రుచితో పని లేదు. ఎన్ని చెట్లు, ఎంత రాబడి అన్నదే కావాలి.

మొట్టమొదటి పెద్ద దెబ్బ గోదావరి మన్యంలో పడింది. రంప కొండల్లో తాటి కల్లూ జీలుగు కల్లూ కొనుక్కునే సరుకు కాదు, వేసవిలో ఆహారం. ఎవరి చెట్టు వాళ్లు ఇంటి మట్టుకు గీసుకునేవారు. 1870ల్లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన అబ్కారీ, అంటే మద్యం పన్ను, నిబంధనలు ఆ ఇంటి గీతను కూడా నేరం చేశాయి. కల్లు రాబడిని గుత్తకు ఇచ్చారు. ఆ కొండల మీద పెత్తనం చేసే రంప మున్సబుదారు ఆ అదను చూసి జనం మీద ‘చిగురు పన్ను’ వేశాడు. కల్లు గీసుకునే హక్కు మీద పన్ను! అప్పటికే అతని కింద కొండ ఊళ్లను ఏలే ముఠాదారుల నుంచి మామూలు రైతుల దాకా అందరికీ మున్సబుదారు మీద కడుపుమంట ఉంది. పోలీసుల జులుం దానికి తోడైంది. 1879 మార్చిలో మన్యం భగ్గుమంది. కారం తమ్మన్నదొర వంటి నాయకుల వెంట జనం పోలీసు ఠాణాల మీద పడ్డారు. మంటలు గొలుగొండ, రేకపల్లి దాకా పాకాయి. అణచడానికి సైన్యం దిగవలసి వచ్చింది. చివరకు ప్రభుత్వం మున్సబుదారీనే తీసేసింది. చిగురు పన్నూ పోయింది.

రంప తిరుగుబాటుకు కారణాలు ఇంకా ఉన్నాయి. అయినా దాని నడిమధ్యన ఉన్నది సొంత ఇంటి కోసం, సొంత చేత్తో దించుకునే లొట్టెడు కల్లు. ఇంట్లో కాచుకున్న బీరు గురించి అమెరికాలో 1978లో తేలిన హక్కు కోసం రంప కొండల్లో సరిగ్గా 99 ఏళ్ల కిందటే మనుషులు ప్రాణాలిచ్చారు.

మైదానంలో అంత గొడవ జరగలేదు కానీ మార్పు అంతకంటే లోతుగా నాటుకుంది. 1855కి కృష్ణ ఆనకట్ట పూర్తయి, కాలువలు సాగి, డెల్టా మాగాణిగా మారింది. పొలం గట్లూ కాలువ గట్లూ తాళ్లకు నెలవయ్యాయి. చేతిలో డబ్బాడే కూలీ, పక్కనే తాడి. సర్కారుకు అందులో ఖజానా కనబడింది. 1886లో మద్రాసు అబ్కారీ చట్టం వచ్చింది. చెట్టు పన్ను పద్ధతి పాతుకుంది. గీసే ప్రతి చెట్టుకూ పన్ను కట్టాలి, గుర్తు వేయించుకోవాలి, దుకాణం హక్కు వేలంలో పాడుకోవాలి. గుర్తు లేని చెట్టు మీద లొట్టి కనిపిస్తే నేరం.

ఉప్పు, అబ్కారీ శాఖ ఉద్యోగి కాలువ గట్టున వస్తే పైకి చూసి చెట్లు లెక్కబెట్టేవాడు. సారాయి ఘాటును కొలవడానికి అతని శాఖ దగ్గర సైక్స్ హైడ్రోమీటరు ఉంది. కల్లు మంచిదా కాదా అని అడిగే గడి అతని పుస్తకంలో లేదు. పాట పాడినవాడికి కావలసింది పరిమాణం. సర్కారుకు కావలసింది పన్ను. గీసేవాడు తన చెట్టు కల్లును విడిగా ఉంచుకోవడం మాని దుకాణం పీపాలో పోయడం అలవాటు చేసుకున్నాడు. పీపాలో చెట్టు పేరు పోయింది. మన కల్లు చరిత్రలో అది చాలా పెద్ద నష్టం. దాన్ని ఏ నివేదికా నష్టంగా రాసుకోలేదు.

సున్నం గీత

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. గాంధీజీ వచ్చారు. పింగళి వెంకయ్య ఆయనకు జెండా నమూనా చూపింది ఆ రోజుల్లోనే. సహాయ నిరాకరణ డెల్టా పల్లెలకు పాకడంతో కల్లు దుకాణాల ముందు పికెటింగులు మొదలయ్యాయి. కల్లు దుకాణాల వేలం పాటలకు వెళ్లొద్దని ఊళ్లలో కట్టుబాట్లు చేశారు. జనానికి అది రెండిందాల పోరాటం. తాగుడు మానడమూ అదే, సర్కారు ఖజానాకు గండి కొట్టడమూ అదే. ఆ పోరులో గీసేవాడు ఎటూ కాకుండా పోయాడు. దేశం కోసం కత్తి దింపితే ఇంట్లో పొయ్యి ఆరుతుంది.

గాంధీజీకి ఈ సంగతి తెలుసు. తాటిచెట్టును మద్యం చెట్టుగా కాక తీపి చెట్టుగా చూడాలన్నది ఆయన ఆలోచన. పులవని రసం, అంటే నీరా, తాగమన్నారు, తాటిబెల్లం కాయమన్నారు. మద్రాసులో రాజాజీ మంత్రివర్గం 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టింది. మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. యుద్ధకాలంలో సడలిపోయి, తిరిగి మొదలై, 1948 అక్టోబరు 2 నాటికి రాష్ట్రమంతటా అమలైంది. కృష్ణా డెల్టాలో చట్టం దృష్టిలో కల్లు లొట్టి మాయమైపోయింది.

మిగిలింది నీరా. నీరాకూ కల్లుకూ మధ్య గీత ఏమిటంటే సున్నం. లొట్టి లోపల సున్నం పూస్తే రసం పులవకుండా కొన్ని గంటలు తియ్యగా నిలుస్తుంది. పూయకపోతే అదే రసం కల్లు. ఒకే చెట్టు, ఒకే గెల, ఒకే మనిషి. సున్నం పల్చనైనా, ఎండ మండినా, దించడం గంట ఆలస్యమైనా బెల్లం కాచుకునేవాడు చట్టం ముందు కల్లు దొంగ అయిపోతాడు. లొట్టిలో ఉన్నది ఏదో తేల్చే అధికారం మాత్రం లొట్టి కట్టినవాడికి లేదు. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకునే పోలీసుకు ఉంది. సున్నం ఎంత పూస్తే ఎంతసేపు నిలుస్తుందో ఆ పోలీసుకు ఎవరు నేర్పారు? తయారీ తెలియని తీర్పరి ఎంత ప్రమాదకరమో అర్థం కావడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. బీరు పోటీలో తప్పు తీర్పు వస్తే పోయేది బహుమతి. ఇక్కడ పోయేది బతుకు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఈ బాధ రాజధాని కర్నూలులోని శాసనసభ గుమ్మం తట్టింది. నిషేధం ఎలా నడుస్తోందో పరిశీలించమని విశ్రాంత ఐసీఎస్ అధికారి ఎస్.వి. రామమూర్తి నాయకత్వాన కమిటీ వేశారు. నిషేధం ఎత్తివేయమని కమిటీ సిఫారసు చేసింది. ప్రభుత్వం ఆ సిఫారసును అమలు చేయడానికి సిద్ధపడలేదు.

అప్పుడు గట్టిగా మాట్లాడిన గొంతు గౌతు లచ్చన్నది. శ్రీకాకుళం జిల్లా బారువలో గీత కుటుంబంలో పుట్టినవాడు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు పోయినవాడు. జనం సర్దార్ అని పిలుచుకున్నవాడు. తన అనుచరులతో గీత కార్మికుల పక్షాన నిలబడ్డాడు. కమ్యూనిస్టులూ అదే మాట అన్నారు. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానం మీద ఓట్లు లెక్కపెడితే ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆంధ్రకేసరి అంతటివాడు, బ్రిటిషు తుపాకికి ఎదురుగా రొమ్ము చూపినవాడు, లొట్టి దగ్గర ఓడిపోయాడు.

ఆ కథలో రెండు రకాల జ్ఞానం ఒకేచోటుకు చేరడం చెప్పుకోదగింది. రామమూర్తిది ఫైళ్ల జ్ఞానం, లచ్చన్నది ఇంటి జ్ఞానం. ఇద్దరిదీ ఒకే తీర్పు. కాగితం మీద రాబడీ ఖర్చూ కూడిన అధికారికి వచ్చిన జవాబే, తాడి నీడన పెరిగినవాడికీ వచ్చింది. తయారుచేసినవాడి మాట పక్షపాతమని తోసిపుచ్చే ముందు ఆ నవంబరును గుర్తు తెచ్చుకోవాలి.

తాగనివాళ్ల తీర్పు

1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం వచ్చింది, కల్లు తిరిగి చట్టం లోపలికి వచ్చింది. గీత కార్మికుల సహకార సంఘాలకూ, తరవాత విడిగా చెట్టు గీసుకునే కార్మికులకూ లైసెన్సులు ఇచ్చే పద్ధతులు ఏర్పడ్డాయి. మధ్యలో ఉండే గుత్తేదారును తప్పించి, చెట్టునూ చేతినీ కలపాలన్న ప్రయత్నం అది. ఆలోచన మంచిదే. ఈలోగా డెల్టా పల్లెల్లో సారా ప్యాకెట్టు కల్లును తోసేసింది. ప్యాకెట్టుకు చెట్టు లేదు, రుతువు లేదు, పొద్దు లేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అక్షరాస్యత తరగతుల్లో చదువుకుంటూ చదువుకుంటూ తమ ఇళ్లు ఎందుకు కూలుతున్నాయో మాట్లాడుకున్నారు. వర్ధినేని రోశమ్మ పేరు దేశమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. కృష్ణా జిల్లా నిమ్మకూరు బిడ్డ ఎన్.టి. రామారావు 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం అమల్లోకి తెచ్చారు. ఆ చట్టం కల్లును మినహాయించింది. 1997లో నిషేధం సడలింది.

దూబగుంట ఆడవాళ్లు సారా కాయలేదు, తాగలేదు. అయినా వాళ్ల తీర్పులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. రుచి ఎలా ఉందని వాళ్లను ఎవరూ అడగలేదు. వాళ్లు తేల్చింది రుచి కాదు, కీడు. కూలి డబ్బులు ఎటు పోతున్నాయో, ఒంటి మీద దెబ్బలు ఎందుకు పడుతున్నాయో చెప్పడానికి సారా బట్టీ దగ్గర పనిచేసిన అనుభవం అక్కర్లేదు. తయారుచేసినవాడే తీర్పు చెప్పాలన్న వాదానికి ఇది హద్దు గీస్తుంది. పానీయం ఎలా ఉందన్నది ఒక ప్రశ్న, అది మనిషిని ఏం చేస్తుందన్నది మరో ప్రశ్న. రెండో ప్రశ్నకు తీర్పరి, దాని దెబ్బ తిన్నవాళ్లు.

ఇంకో హద్దు ప్రయోగశాల గీసింది. దిగుబడి చాలక, గిరాకీ తగ్గక, కల్లు పేరుతో నీళ్లూ చక్కెరా కలిపి మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం వంటివి దట్టించే వ్యాపారం తెలుగు రాష్ట్రాల్లో దశాబ్దాలుగా ఉంది. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. అల్ప్రాజోలం ఎన్ని మిల్లీగ్రాములు పడిందో ఎంత పెద్ద గీతగాడి నాలుకా చెప్పలేదు. దానికి యంత్రం కావాలి, రసాయనం చదివిన మనిషి కావాలి. పైగా తయారుచేసినవాడే కల్తీ చేసేవాడైతే అతన్ని తీర్పరి కుర్చీలో కూర్చోబెట్టడం దొంగ చేతికి తాళాలివ్వడమే.

అయితే ప్రయోగశాలకు తెలియనిది కూడా ఒకటుంది. అది ఒక సీసాలో విషం ఉందో లేదో చెబుతుంది. అది చెట్టు కల్లో, పీపా కల్లో, కాలువ గట్టు తాడిదో, పది చోట్ల కలిపిందో చెప్పదు. ఆ ఊళ్లో ఎన్ని తాళ్లు గీతలో ఉన్నాయి, అవి రోజుకు ఎంత దించగలవు, దుకాణంలో పోసేది అంతకు మించి ఎందుకుంది? ఈ లెక్క గీసేవాడికి వేళ్ల మీద ఉంటుంది. కల్తీని పసిగట్టే మొదటి ఆధారం కూడా అదే. ఆ లెక్క అడిగి తీసుకునే బల్ల ఎక్కడా వేయలేదు.

పృచ్ఛకుడి కుర్చీ

ఈ చిక్కుముడికి డెల్టాలో ఒక పాత నమూనా ఉంది. అది కల్లుకు చాలా దూరంగా, అవధానం వేదిక మీద ఉంది.

దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి జంట అవధానాన్ని పండిత గోష్ఠి నుంచి జనం మధ్యకు తెచ్చింది. తమను ఓడించే కవి ఉంటే మీసాలు తీసి మొక్కుతామని సవాలు చేసిన జంట అది. చెళ్లపిళ్ల బందరు హైస్కూల్లో తెలుగు చెప్పారు. విశ్వనాథ సత్యనారాయణ వంటివాళ్లు ఆయన దగ్గర చదువుకున్నారు. అవధానంలో ఎదురుగా కూర్చునే పృచ్ఛకులు ఎవరు? సమస్య ఇచ్చేవాడికి ఛందస్సు తెలియాలి. నిషిద్ధాక్షరి అడ్డుకునేవాడికి తరవాత ఏ అక్షరం రాబోతోందో అవధానికంటే ముందే తట్టాలి. అలాంటి పృచ్ఛకుడు చాలావరకు పద్యం అల్లడం వచ్చినవాడే. కానీ ఆ రోజు మాత్రం అతను అల్లడు. ప్రశ్నిస్తాడు, వింటాడు, తూస్తాడు. అప్రస్తుత ప్రసంగానికి కూర్చున్నవాడికి మాత్రం పద్యం రాకపోయినా లోకం తెలిస్తే చాలు. వీళ్లందరి వెనక సభ ఉంటుంది. పద్యం రాయలేని జనం, యతి తప్పితే మొహం చిట్లించే జనం.

చేయి తిరిగినవాళ్లు కొందరు, లోకం తెలిసినవాడు ఒకడు, రోజూ వినే చెవులు కొన్ని. తీర్పు ఏ ఒక్కరిదీ కాదు. పల్లెలో కల్లు బల్ల దగ్గరా ఒకప్పుడు ఇదే అమరిక ఉండేది: గీసినవాడు, అమ్మే ఇల్లాలు, తాగేవాడు. అబ్కారీ చట్టం వచ్చి ఆ ముగ్గుర్నీ లేపి, ఒక లెక్కల గుమాస్తాను కూర్చోబెట్టింది. తరవాత అదే కుర్చీలో పోలీసు, ఆ తరవాత రసాయన పరీక్షకుడు మారి మారి కూర్చున్నారు. గీసేవాడికి మాత్రం ఇవాళ్టికీ పిలుపు రాలేదు.

గీసేవాడు ఒక్కడే చాలడన్నదీ నిజమే. రోజూ తన చెట్టు కల్లే తాగేవాడికి దాని రుచే కొలమానం అయిపోతుంది. పొరుగూరి జీలుగు కల్లు అతనికి వింతగా ఉంటుంది. బీరు పోటీల్లోనూ ఇదే ఇబ్బంది. చేదు ఎక్కువ వేసి కాచేవాడికి చేదు తక్కువైన సీసా చప్పగా తోస్తుంది. అందుకే అక్కడ ఒక్కో బల్లకు ఒకరిని కాక ఇద్దరు ముగ్గురిని వేస్తారు.

లొట్టి దగ్గరికి

ఇప్పుడు ఈ మాట ఎందుకంటే, నీరా మళ్లీ ముందుకు వచ్చింది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023 మేలో నీరా కేఫ్ తెరిచారు. రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలోని ఉద్యాన పరిశోధన కేంద్రం తాటి మీద, నీరా నిల్వ మీద ఏళ్లుగా పనిచేస్తోంది. రంప తిరుగుబాటు జరిగిన కొండలవే. సున్నానికి బదులు చల్లదనంతో పులుపును ఆపే పెట్టెలు వస్తున్నాయి. రేపు నీరాకు నాణ్యత మెట్లు కడతారు, ముద్రలు వేస్తారు. తీపి ఎంత, ఆమ్లం ఎంత అని కొలిచే పరికరాలు ఉన్నాయి. అవి ఉండాలి కూడా. ఆ మెట్లు కట్టే కమిటీలో తాడెక్కిన చేయి ఒక్కటైనా ఉండాలి. పెంటితాడి నీరా వేరు, పోతుతాడి నీరా వేరు అని పరికరం చూపే అంకె వెనక కారణం చెప్పగలిగేది ఆ చేయి. ఎండాకాలం దించడం ఎన్నింటికి, చలికాలం ఎన్నింటికి అన్నది నిబంధనల్లో రాసేముందు ఆ చేతిని అడగాలి. తాను దించిన లొట్టికి తాను మార్కులు వేసుకోకుండా చూస్తే సరిపోతుంది. ఆ కట్టుబాటు ప్రపంచంలో ఎక్కడో బీరు పోటీల వాళ్లు కూడా పాటిస్తున్నదే.

తొందర ఎందుకో కూడా చెప్పాలి. చెట్టెక్కేవాళ్లు తగ్గిపోతున్నారు. మోకు జారి పడి చనిపోయినవాళ్లూ, నడుములు విరిగి మంచాన పడ్డవాళ్లూ లేని గీత పల్లె అరుదు. తెలంగాణ ప్రభుత్వం 2024లో గీత కార్మికులకు పడిపోకుండా పట్టి ఉంచే రక్షణ సామగ్రి ఇవ్వడం మొదలుపెట్టి, దానికి వాళ్ల దేవుడు కాటమయ్య పేరే పెట్టింది. డెల్టాలో గట్ల మీది తాళ్లు రోడ్లకూ ప్లాట్లకూ అడ్డమై నేలకూలుతున్నాయి. తండ్రి పట్టిన కత్తి కొడుకు పట్టకపోవడంలో తప్పేమీ లేదు. అరవై అడుగుల ఎత్తున రోజుకు రెండుసార్లు ప్రాణం పణంగా పెట్టమని ఎవరు ఎవరిని అడగగలరు? కానీ ఆ కొడుకు నోట్లో తండ్రి నాలుక మిగిలి ఉండగానే అడిగి రాసుకోవాలి. లేకపోతే పది పదిహేనేళ్ల తరవాత నీరాకు మార్కులు వేసే కమిటీలో చెట్టు గురించి చెప్పడానికి ఎవరూ మిగలరు.

ఆంధ్రప్రదేశ్ 2024 అక్టోబరులో కొత్త మద్యం విధానం తెచ్చి, ఆ వెంటనే మద్యం దుకాణాల్లో పదోవంతును గీత కులాలకు కేటాయించింది. గౌడ, శెట్టిబలిజ, ఈడిగ, యాత, శ్రీశయన కుటుంబాలకు అది ఆర్థికంగా ఆసరా. విజయవాడ చుట్టుపక్కల కూడా అలాంటి దుకాణం గల్లా దగ్గర గీత ఇంటి బిడ్డ కూర్చుంటాడు. సీసా తిప్పి చూస్తే చీటీ మీద 42.8 శాతం అని ఉంటుంది. మూత మీద హోలోగ్రాం ఉంటుంది. తాతకు ఒక గుక్కతో చెట్టు పేరు తెలిసేది. మనవడు హోలోగ్రాం చూసి, సీసా చేతికిచ్చి, చిల్లర లెక్కపెడతాడు. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకు జనం వచ్చేనాటికి కాలువ గట్టున మిగిలిన పోతుతాళ్లు మళ్లీ గెలలు వేస్తాయి.